కెమెరాతో నక్షత్రం వెలుగు కొలిస్తే లెక్క ఎక్కడ తప్పుతుంది? సమస్యలు - పరిష్కారాలు

మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరా, 50 ఎంఎం లెన్స్, ఒక ట్రైపాడ్. వెలుగు మారే నక్షత్రాలను, అంటే చర నక్షత్రాలను కొలవడానికి ఇంతకన్నా పెద్ద సామాను అక్కర్లేదు. అయినా మొదటి నెలలోనే చాలామంది వదిలేస్తారు. ఒక ఫొటోలో 3.7 మాగ్నిట్యూడ్ (నక్షత్రం వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసక) వచ్చిన నక్షత్రం పక్క ఫొటోలో 3.9 వస్తుంది. కెమెరా ఇందుకు పనికిరాదేమో అనిపిస్తుంది. పనికొస్తుంది. తప్పు ఎక్కడుందో వెతకడం తెలిస్తే చాలు.

ఉదాహరణకు మిథున రాశిలోని జీటా జెమినోరమ్‌ను తీసుకుంటున్నాను. చాలా గైడ్లు డెల్టా సెఫీ అనే చర నక్షత్రంతో మొదలుపెట్టమంటాయి. మంచి నక్షత్రమే. కానీ హైదరాబాద్ నుంచి చూస్తే అది ఎప్పుడూ 49 డిగ్రీల ఎత్తు దాటదు, పైగా సాయంత్రాల్లో కనిపించే కాలంలో కొంత వానలకే పోతుంది. జీటా జెమినోరమ్ కూడా అదే సెఫీడ్ జాతిది, అంటే క్రమం తప్పకుండా ఉబ్బుతూ కుంచించుకుంటూ వెలుగు మారే నక్షత్రం. 10.15 రోజులకోసారి 3.6, 4.2 మాగ్నిట్యూడ్ల మధ్య ఊగుతుంది. మనకు దాదాపు నడినెత్తి మీదుగా వెళ్తుంది, అదీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ఆకాశం తేటగా ఉండే రోజుల్లో. పునర్వసు జంటను గుర్తుపట్టేవాళ్లకు దీన్ని వెతకడం కష్టం కాదు.

అన్నిటికన్నా ముందు: చెక్ తార పెట్టుకున్నారా?

ఫొటోమెట్రీలో, అంటే వెలుగు కొలిచే పనిలో, మనం కొలిచేది తేడానే. వెలుగు మారని ఒక పోలిక తారతో చర నక్షత్రాన్ని పోల్చి, ఎంత తేడా ఉందో చూస్తాం. జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో 48 అంగుళాల టెలిస్కోపుకు ఫొటోమీటర్ బిగించి కొలిచిన రోజుల్లో ఒకసారికి ఒక నక్షత్రాన్నే చూడగలిగేవాళ్లు. అందుకే చర నక్షత్రం, పోలిక తార, మళ్లీ చర నక్షత్రం అంటూ మార్చి మార్చి కొలవాల్సి వచ్చేది. మన కెమెరా అన్నిటినీ ఒకే ఫ్రేములో, ఒకే క్షణంలో పట్టేస్తుంది. ఇది చాలా పెద్ద వరం.

ఆ వరాన్ని వాడుకోవాలంటే మూడో నక్షత్రం కావాలి. మన కొలత సరిగ్గా ఉందో లేదో చూపే చెక్ తార అదే. జీటాకు పోలికగా అదే రాశిలోని కప్పా జెమినోరమ్‌ను, చెక్‌గా ఐయోటా జెమినోరమ్‌ను పెట్టండి. ఐయోటా వెలుగు మారదు. కాబట్టి ప్రతి ఫ్రేములోనూ, ప్రతి రాత్రీ కప్పాతో దాని తేడా ఒకేలా రావాలి. రాకపోతే ఆ రాత్రి జీటాకు వచ్చిన అంకెను నమ్మకండి. ఒక ఫిబ్రవరిలో నాకు జీటా వంపు ఎంతో అందంగా వచ్చింది. వారం రోజులు సంబరపడ్డాను. తర్వాత ఐయోటాను కూడా గ్రాఫ్ గీస్తే అందులోనూ అదే వంపు! నేను కొలిచింది నక్షత్రాన్ని కాదు, నా లెన్స్ అంచుల్లోని చీకటిని. కింద చెప్పే ప్రతి సమస్యలోనూ మొదట చూడాల్సింది చెక్ తారనే.

లక్షణం: పక్కపక్క ఫ్రేముల్లోనే 0.1, 0.2 తేడా

ఎక్కువసార్లు దీనికి కారణం ఫోకస్ మరీ బాగుండటం. ఫొటోలు తీసేవాళ్లకు ఇది వింతగా అనిపిస్తుంది. కలర్ సెన్సార్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. నక్షత్రం సూదిమొనలా ఉంటే దాని వెలుగంతా ఒకటి రెండు పిక్సెళ్లలోనే పడుతుంది. ఈ ఫ్రేములో ఆకుపచ్చ పిక్సెల్ మీద పడితే వెలుగు ఎక్కువ కనిపిస్తుంది, తర్వాతి ఫ్రేములో ఎరుపు మీదికి జరిగితే తగ్గిపోతుంది. నక్షత్రం మారలేదు, పడిన చోటు మారింది.

ఫోకస్‌ను కావాలనే కొంచెం చెడగొట్టండి. నక్షత్రం 8 నుంచి 10 పిక్సెళ్ల వెడల్పున చిన్న బిళ్లలా కనిపించాలి. మరీ ఎక్కువ చెడగొడితే పక్క నక్షత్రాల వెలుగు కలిసిపోతుంది. ఫోకస్ కుదిరాక రింగు కదలకుండా టేపు అంటించండి.

రెండో కారణం మినుకుమినుకుమనడం. ఒక సెకను ఎక్స్‌పోజర్‌లో గాలి కదలికలన్నీ అంకెల్లోకి వచ్చేస్తాయి. ట్రాకింగ్ లేని ట్రైపాడ్ మీద 50 ఎంఎం లెన్స్‌తో 5 సెకన్లు ఇస్తే జీటా నాలుగైదు పిక్సెళ్లు మాత్రమే సాగుతుంది, అంత సాగినా ఇబ్బంది లేదు. అలాంటివి 20 ఫ్రేములు తీసి సగటు వేయండి. ఎఫ్/4, ఐఎస్ఓ 200 దగ్గర నాలుగో మాగ్నిట్యూడ్ నక్షత్రానికి ఇది సరిపోతుంది. ఐఎస్ఓ పెంచితే నక్షత్రం నుంచి కొత్త వెలుగేమీ రాదు, పిక్సెల్ నిండిపోయే హద్దు దగ్గరపడుతుందంతే.

లక్షణం: బాగా వెలిగే నక్షత్రం ఒక అంకె దగ్గర ఆగిపోతోంది

పిక్సెల్ నిండిపోయింది. 14 బిట్ల కెమెరాలో 16,383 దాటి అంకె ఉండదు. నిండాక ఎంత వెలుగు పడినా లెక్కలోకి రాదు. ఆర్ద్ర (బెటెల్‌గ్యూస్) విషయంలో ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. 2020 ఫిబ్రవరిలో అది సుమారు 1.6 మాగ్నిట్యూడ్ దాకా మసకబారింది. 0.5 దగ్గర ఉన్నప్పుడు దాని వెలుగు అంతకు రెండున్నర రెట్లు మించి ఉంటుంది. మసకగా ఉన్నప్పుడు కుదిరిన సెట్టింగులనే తర్వాతా వాడితే, నక్షత్రం ఇంకా వెలుగు పుంజుకుంటున్నా మన గ్రాఫ్ మాత్రం చదునుగా పడుకుంటుంది.

ఫొటోను చూసి కాదు, అంకెను చూసి నిర్ణయించండి. నక్షత్రం బిళ్లలో అన్నిటికన్నా వెలుగున్న పిక్సెల్ 11,000, 12,000 దాటకూడదు. దాటితే ఎక్స్‌పోజర్ తగ్గించండి, లేదా ఫోకస్ ఇంకొంచెం చెడగొట్టండి.

జేపీఈజీలో తీస్తున్నారా? అయితే మిగతా కారణాలు వెతకడం దండగ. అందులో కెమెరా 8 బిట్లకు కుదించి, కంటికి నచ్చేలా వెలుగు అంకెలను మార్చి భద్రపరుస్తుంది. సెన్సార్ అంకెలను మార్చకుండా ఉంచే రా ఫైలే కావాలి. హై ఐఎస్ఓ నాయిస్ రిడక్షన్, లెన్స్ కరెక్షన్ లాంటివన్నీ మెనూలో ఆపేయండి.

లక్షణం: అంకెలు నిలకడగానే ఉన్నాయి, కానీ మిగతావాళ్ల కొలతల కన్నా ఎప్పుడూ 0.1 తేడా

నన్ను చాలా కాలం ఏడిపించిన సమస్య ఇది. కొలతలో తప్పు కనిపించదు, చెక్ తార బాగుంటుంది, ఫలితం మాత్రం కలవదు. కారణం రంగు.

ముందు చూడాల్సింది ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లలో దేన్ని కొలిచారో. మూడు రంగులూ కలిపేసిన బొమ్మను కొలిస్తే అది ఏ ప్రామాణిక ఫిల్టర్‌కూ సరిపోదు. ఖగోళ శాస్త్రంలో వాడే, పసుపు-ఆకుపచ్చ వెలుగును పోనిచ్చే వీ ఫిల్టర్‌కు దగ్గరగా ఉండేది కెమెరాలోని ఆకుపచ్చ. సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆకుపచ్చ పిక్సెళ్లను మాత్రమే విడదీసే సదుపాయం ఉంది. పక్క పిక్సెళ్ల నుంచి రంగును ఊహించి నింపే మామూలు డీబేయరింగ్ జోలికి వెళ్లకండి.

తర్వాత పోలిక తార రంగు. ఆకుపచ్చ వీకి దగ్గరే కానీ అచ్చంగా అదే కాదు. జీటా పసుపు నక్షత్రం. కప్పా, ఐయోటా కూడా దాదాపు అదే ఛాయ. అందుకే వాటిని ఎంచుకోమన్నాను. లామ్డా జెమినోరమ్ జీటాకు ఇంకా దగ్గర, వెలుగూ సరిపోతుంది, కానీ అది తెలుపు. దాన్ని పోలికగా పెడితే రంగు తేడా నేరుగా ఫలితంలోకి దిగుతుంది. ఆర్ద్ర లాంటి ఎర్ర నక్షత్రానికి తెల్లటి ప్రోసియాన్ కన్నా రోహిణి నయం.

ఇంకా ఖచ్చితంగా కావాలంటే మీ కెమెరాకు రంగు సవరణ అంకె కట్టాలి. నడినెత్తిన ఉన్న ఒక నక్షత్ర సమూహాన్ని ఫొటో తీసి, తెలుపు నుంచి నారింజ దాకా రకరకాల రంగుల నక్షత్రాలు పదిహేను ఇరవై కొలవండి. నక్షత్రాల కేటలాగులోని వీ విలువలోంచి మీ ఆకుపచ్చ కొలతను తీసేసి, ఆ తేడాను నక్షత్రం బీ-వీ రంగు అంకెకు (నీలం, వీ ఫిల్టర్లలో వచ్చే మాగ్నిట్యూడ్ల తేడా) ఎదురుగా గ్రాఫ్ గీయండి. చుక్కలన్నీ ఒక గీత వెంట నిలుస్తాయి. ఆ గీత వాలే మీకు కావాల్సిన అంకె. వాలు 0.08 అనుకుందాం. మీ రెండు నక్షత్రాల బీ-వీ తేడా 0.8 అయితే పొరపాటు 0.064. మొత్తం 0.6 మాత్రమే ఊగే జీటాకు ఇది చిన్నదేమీ కాదు. ఒకసారి కట్టిన అంకె ఆ కెమెరాకు, ఆ లెన్స్‌కు చాలాకాలం పనికొస్తుంది.

కొలతలను అమెరికాలోని చర నక్షత్ర పరిశీలకుల సంఘం ఏఏవీఎస్ఓకు పంపేవాళ్లు ఈ సవరణ చేయకపోతే టీజీ అని, చేస్తే వీ అని రాయాలి. 1911 నుంచి చర నక్షత్రాల లెక్కలు భద్రపరుస్తున్న సంస్థ అది, తేడా రాయడం మన బాధ్యత.

లక్షణం: రాత్రి గడిచేకొద్దీ విలువ ఒకే వైపుకు జారుతోంది

నక్షత్రం పడమటికి వాలుతోంది, మధ్యలో గాలి మందం పెరుగుతోంది. రెండు నక్షత్రాలూ ఒకే ఎత్తులో ఉంటే ఇబ్బంది లేదు. పది డిగ్రీల దూరంలో ఒకటి పైన, ఒకటి కింద ఉంటే ఉంది. నడినెత్తిన ఉండే గాలి మందాన్ని ఒకటిగా తీసుకుని, అంత మందం 0.25 మాగ్నిట్యూడ్ మింగుతుందనుకుంటే, 80, 70 డిగ్రీల ఎత్తుల్లో ఉన్న రెండు నక్షత్రాల మధ్య వచ్చే పొరపాటు 0.01 మాత్రమే. అవే 40, 30 డిగ్రీలకు దిగితే 0.11. కాబట్టి జీటా 45 డిగ్రీల కన్నా దిగువకు వచ్చాక ఆపేయండి. ఎండాకాలం దుమ్ము, ఊళ్ల పొగ ఉన్న రాత్రుల్లో ఈ మింగుడు ఇంకా ఎక్కువ.

జారుడు మెల్లగా కాక ఒక్కసారిగా మొదలైతే లెన్స్ ముందు గాజును టార్చ్ వేసి చూడండి. జనవరి తెల్లవారుజాముల్లో మంచు పడుతుంది.

లక్షణం: ఫ్రేము మధ్యలో ఒక విలువ, మూలలో ఇంకో విలువ

ముందు చెప్పిన నా ఫిబ్రవరి కథకు కారణం ఇదే. లెన్సులన్నీ అంచుల్లో వెలుగు తగ్గిస్తాయి, పూర్తిగా తెరిస్తే మరీను. రోజూ ఫ్రేము ఒకేలా పెట్టుకోకపోవడంతో ఒక్కో రాత్రి ఒక్కో నక్షత్రం మూలకు జరిగింది.

దీన్ని సరిచేయడానికి ఫ్లాట్ ఫ్రేములు, అంటే అంతటా ఒకేలా వెలుగున్న ఫొటోలు తీయాలి. నక్షత్రాల ఫొటోలను వాటితో భాగిస్తే అంచుల చీకటి పోతుంది. సూర్యాస్తమయం తర్వాత లెన్స్ మీద తెల్ల టీ షర్టును ముడతలు లేకుండా లాగి కట్టి, నడినెత్తి ఆకాశం వైపు పెట్టి 20 ఫొటోలు తీయండి. హిస్టోగ్రామ్ సగం దగ్గర ఉండాలి. అపర్చర్, ఫోకస్ రాత్రి వాడేవే ఉండాలి, లేకపోతే ఆ ఫ్లాట్లు ఎందుకూ పనికిరావు.

ఫ్లాట్లు వేశాక ఇంకా చెడిందా? బయాస్, అంటే కెమెరా తనంతట తానే కలిపే అంకె, తీసేయలేదన్నమాట. చాలా కెనాన్ కెమెరాలు చీకట్లో కూడా ప్రతి పిక్సెల్‌కూ సుమారు 2,048 కలిపి రాస్తాయి. దాన్ని తీసేయకుండా ఫ్లాట్‌తో భాగిస్తే సవరణ సగంలోనే ఆగుతుంది. లెన్స్ మూత పెట్టి, కెమెరా ఇవ్వగలిగే అతి తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసినవే బయాస్ ఫ్రేములు. మూత పెట్టి, రాత్రి వాడిన 5 సెకన్లే ఇచ్చి తీస్తే డార్క్ ఫ్రేములు, సెన్సార్ వేడికి వచ్చే అంకెలను తీసేయడానికి ఇవి. డార్కులను అదే రాత్రి, అదే చల్లదనంలో తీయండి. ఏప్రిల్ రాత్రుల వేడికి సెన్సార్‌లో మెరిసే పిక్సెళ్లు డిసెంబర్‌లో కనిపించనే కనిపించవు.

లక్షణం: వెలుగు సరిగ్గానే ఉంది, గ్రాఫ్ మాత్రం పక్కకు జరిగింది

సమయం. మన గడియారం ఖగోళ లెక్కలకు వాడే యూనివర్సల్ టైమ్ (యూటీ) కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. కెమెరాలోని సమయాన్ని అలాగే రాసేస్తే కొలత 0.229 రోజు ఆలస్యంగా నమోదవుతుంది. పది రోజుల జీటాకు అది కొంచెమే కనిపిస్తుంది. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి జంట నక్షత్రం అడ్డొచ్చి గ్రహణం పట్టే ఆల్గాల్ అనే నక్షత్రానికి మాత్రం ఐదున్నర గంటల పొరపాటంటే గ్రహణంలో సగానికి పైగా తప్పిపోయినట్టే. కెమెరా గడియారాన్ని నేరుగా యూటీకి మార్చుకోండి, ప్రతి రాత్రీ ఫోన్‌తో సరిచూడండి. 20 ఫ్రేములు కలిపినప్పుడు మొదటిదాని సమయం కాదు, మొత్తం వరుసకు మధ్య సమయం రాయాలి.