కడుపుతో ఉన్నప్పుడు బీపీ ఉన్నట్టుండి ఎగబాకుతుంటే ఏం చేయాలి

నెల తప్పిన కొత్తలోనే తల పగిలిపోయేంత నొప్పి, గుండె దడ, ఒళ్లంతా చెమట, ఈ మూడూ కలిసి ఉన్నట్టుండి వచ్చి కాసేపటికి తగ్గిపోతుంటే, "తిరుపతి ఎండలు కదమ్మా, ఊరికే టెన్షన్ పడకు" అని ఎవరన్నా సరే వదిలేయకండి. చాలా అరుదే గానీ దీని వెనక ఫియోక్రోమోసైటోమా ఉండొచ్చు. మూత్రపిండం పైన టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథిలో వచ్చే గడ్డ ఇది, అడ్రినలిన్ లాంటి హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది, దాంతో బీపీ ఎగబాకుతుంది. చాలామందిలో ఇది క్యాన్సర్ కాదు. కానీ కనిపెట్టకుండా కాన్పుదాకా పోతే తల్లికీ బిడ్డకీ ప్రాణాల మీదికొస్తుంది.

ముందు బీపీ మిషన్ కొనుక్కోండి. అలా వచ్చినప్పుడే చూసి, టైముతో సహా రాసిపెట్టండి, అప్పుడు వంగారా, తిన్నారా, ఏ మందు వేసుకున్నారో కూడా. డాక్టరు దగ్గరికి పోయేసరికి బీపీ మామూలైపోవచ్చు, అప్పుడు ఆ నోటుబుక్కే మాట్లాడాలి. గర్భిణుల్లో ఎక్కువగా చూసే బీపీ జబ్బు ప్రీఎక్లాంప్సియా మామూలుగా 20 వారాలు దాటాక వస్తుంది, చాలామందికి మూత్రంలో ప్రొటీన్ కూడా పోతుంది. మీకు బీపీ అంతకంటే ముందే మొదలైందంటే "మెటానెఫ్రిన్స్ పరీక్ష చేయిద్దామా మేడమ్" అని మొహమాటం లేకుండా అడగండి, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాలే ఈ మెటానెఫ్రిన్స్. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల జబ్బులు చూసే) విభాగం ఉంది, అక్కడికి రాసిమ్మనండి.

పరీక్ష రక్తంతో చేస్తారు, లేదంటే 24 గంటల మూత్రంతో. మూత్రమైతే పొద్దున లేచాక మొదటిసారి పోసింది పారబోసి, అక్కడినుంచి మర్నాడు పొద్దున మొదటిసారిదాకా ప్రతి చుక్కా ల్యాబ్ ఇచ్చిన క్యాన్‌లోనే పట్టాలి. బీపీ మందు లాబెటలాల్, పారాసిటమాల్ లాంటివి కొన్ని పద్ధతుల్లో ఫలితాన్ని తారుమారు చేస్తాయి, కాబట్టి మందులన్నీ చెప్పండి, సొంతంగా మాత్రం ఏదీ ఆపకండి. గడ్డ ఎక్కడుందో చూడ్డానికి ఎమ్మారై చేస్తారు, అందులో రేడియేషన్ ఉండదు.

ఈ గడ్డే అని తేలితే ముందు ఆల్ఫా బ్లాకర్ (రక్తనాళాలను వదులు చేసి బీపీ తగ్గించే మందు) మొదలుపెడతారు. అది సరిగా పనిచేశాకే, దడ ఎక్కువుంటే బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు). ఈ వరస తిరగబడితే బీపీ ఇంకా ఎగిసిపోతుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, బిడ్డ ఊపిరితిత్తుల కోసమిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా దీన్ని రెచ్చగొట్టొచ్చు, అందుకే ఏ ఊళ్లో ఏ ఆస్పత్రికి పోయినా ఫైలు ముందు పేజీలో జబ్బు పేరు పెద్దక్షరాల్లో రాసి ఉంచండి. ఆపరేషన్ సాధారణంగా 24 వారాల లోపైతే కడుపుతో ఉండగానే, దాటితే కాన్పయ్యాక. మత్తు డాక్టరుకు ముందే తెలియాలి.

ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, ఫిట్స్ వస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

కాన్పయ్యాక జన్యుపరీక్ష గురించి అడగండి. ఇది కొందరికి వంశపారంపర్యం, అలా తేలితే అక్కచెల్లెళ్లూ అన్నదమ్ములూ కూడా చూపించుకోవాలి.