వానలకు ముందు పాత కారు కింద ఏం చూడాలి: తుప్పు, సస్పెన్షన్ జాగ్రత్తలు

అనంతపురంలో కారుకు తుప్పేమిటండీ, ఏడాదికి నాలుగు మంచి వానలు పడితే గొప్ప అనేవాళ్లు చాలామంది ఉన్నారు. మన గాలి పొడిదే, కాదనను. కానీ మన రోడ్ల మీద తిరిగే పాత కార్లన్నీ ఇక్కడే పెరిగినవి కావు కదా. ఏళ్ల తరబడి చెన్నైలో సముద్రపు గాలికి ఉండి కడపకు వచ్చినవి ఉంటాయి, 2015 డిసెంబరులో చెన్నైలోనో 2024 సెప్టెంబరులో విజయవాడలోనో నీళ్లలో మునిగి, ఆరబెట్టి, పాలిష్ కొట్టించుకుని చేతులు మారినవీ ఉంటాయి. అంత దూరం ఎందుకు, 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు, 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడినప్పుడు మన బళ్లు కూడా నానాయి.

దానికి తోడు మన మట్టి. కుందూ నది వైపు నల్లరేగడి చక్రం పైన వంపులో ఒకసారి పట్టుకుంటే పైన ఎండ మండుతున్నా లోపల రోజుల తరబడి తడి వదలదు. ఉప్పగా ఉండే బోరు నీళ్లతో కారు కడిగితే ఆ ఉప్పు కూడా సందుల్లోనే మిగిలిపోతుంది.

అందుకే మృగశిర కార్తె లోపు ఒక పూట కేటాయించండి. మే నెలలో కుదరకపోతే ఆగస్టులో అయినా చూడండి, ఎందుకంటే మనకు గట్టి వానలు సెప్టెంబరులో, కడప వైపు అక్టోబరు, నవంబరుల్లో కూడా పడతాయి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి: ముందు రేకు, తర్వాతే పార్టులు. వేలు పోసి కొత్త షాక్ అబ్జార్బర్లు వేయించి, అవి బిగించిన రేకే పుచ్చిపోయి ఉంటే ఆ డబ్బంతా మట్టిలో పోసినట్టే.

మొదట వాటర్ సర్వీసింగ్‌కు తీసుకెళ్లి, కారు పైకి లేపించి అడుగంతా కడిగించండి. ఒక రోజు ఆరాక మళ్లీ లేపించి టార్చ్ వేసి చూడండి. మట్టి మీద నుంచి చూస్తే ఏమీ తెలియదు. డోర్ల కింద పొడవునా ఉండే పెట్టె లాంటి భాగం, వెనక చక్రాల వంపులు, స్టెప్నీ పెట్టే గుంత, బ్యాటరీ కింద ట్రే, ముందు అద్దం కింద ఆకులు ఇరుక్కునే సందు, ఇవన్నీ చూడాలి. డోర్ల అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, మన దుమ్ముకు అవి మూసుకుపోయి డోర్ లోపలే నీళ్లు నిలుస్తాయి, సన్నని తీగతో పొడిస్తే తెరుచుకుంటాయి. బానెట్ ఎత్తి షాక్ అబ్జార్బర్ పైభాగం బిగించిన చోట చుట్టూ పగుళ్లు, ఉబ్బిన పెయింట్ ఉన్నాయేమో తప్పకుండా చూడండి, అక్కడ రేకు పోతే చిన్న రిపేరుతో అయ్యేది కాదు. లోపల మ్యాట్‌లు తీసి కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి: అడుగున బురద గీత కనిపిస్తే ఆ కారు ఎక్కడో మునిగిందనే అనుమానించాలి, అమ్మేవాడు ఎన్ని ఒట్లు వేసినా సరే.

పుట్టీ పెట్టి పెయింట్ కొట్టిన చోట చిన్న అయస్కాంతం అతుక్కోదు, లేదా వదులుగా అతుక్కుంటుంది. గీత పడకుండా పల్చని గుడ్డ మధ్యలో పెట్టి, రెండో వైపు అదే చోటుతో పోల్చుకోండి, కొన్ని భాగాలు ప్లాస్టిక్‌వి ఉంటాయి మరి. అడుగు భాగాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన రేకు మోగదు, కొన్నిసార్లు పెచ్చులు చేతిలోకే వస్తాయి.

ఇక నల్ల కోటింగ్ సంగతి. పాత కారు అడుగు కొత్తగా నల్లగా నిగనిగలాడుతుంటే నాకు సంతోషం కాదు, అనుమానం వస్తుంది. తుప్పు గీకకుండా దాని మీద కోటింగ్ కొడితే తడి లోపలే ఉండిపోయి రేకును ఇంకా తొందరగా తింటుంది. పైపైన తుప్పయితే తీగ బ్రష్‌తో మెరిసేదాకా గీకించి, ప్రైమర్ కొట్టించి, ఆరాక కోటింగ్ వేయించండి. రంధ్రం పడితే పుచ్చిన ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి, పుట్టీతో పూడ్చడం కాదు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైరు తీయించండి, పెట్రోలు ట్యాంకు దగ్గర పని అయితే ట్యాంకు దించకుండా ఎవరు వెల్డింగ్ మొదలుపెట్టినా ఆపేయండి.

సస్పెన్షన్‌కు, అంటే గుంతల కుదుపును తట్టుకునే భాగాలకు వద్దాం. మన ఎండకు బుష్‌ల (ఇనుప భాగాలు కలిసే చోట కుదుపు ఆపే చిన్న దిమ్మల) రబ్బరు గట్టిపడి పగులుతుంది, ఆ పైన బేతంచెర్ల వైపు బండల లారీలు తిరిగే రోడ్లున్నాయి. పొద్దున్నే పాటలు ఆపేసి, అద్దాలు దించి, స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా పోనివ్వండి. ముందు నుంచి టక్ అని వస్తే లింక్ రాడ్, లోయర్ ఆర్మ్ బుష్, బాల్ జాయింట్, చక్రం దగ్గరుండే ఈ భాగాల్లో ఏదో ఒకటి కావచ్చు. పూర్తిగా తిప్పి మలుపు తీసుకున్నప్పుడు కటకటలాడితే అది సస్పెన్షన్ కాదు, యాక్సిల్ జాయింట్, దాని రబ్బరు తొడుగు చిరిగి దుమ్ము పోయి ఉంటుంది.

చక్రం గాల్లో ఉన్నప్పుడు పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట (వదులు) ఉంటే బాల్ జాయింట్ లేదా బేరింగ్, అటూ ఇటూ పట్టుకుని ఊపితే ఉంటే స్టీరింగ్ రాడ్ చివరి జాయింట్. కారు మూల నొక్కి వదిలి, ఊగలేదు కాబట్టి షాక్‌లు బాగున్నాయని తేల్చే పెద్దమనుషులు ప్రతి షెడ్డు దగ్గరా ఉంటారు. ఆ పరీక్షకు పూర్తిగా పోయినవే దొరుకుతాయి, సగం పోయినవి దొరకవు. షాక్ ఒంటి మీద నూనెకు దుమ్ము పట్టి నల్లగా ముద్ద కట్టిందేమో చూడండి, టైరు మీద చెయ్యి పోనిచ్చి గుంతలు గుంతలుగా అరిగిందేమో చూడండి. సమంగా ఉన్న నేల మీద చక్రం మధ్య నుంచి పైన రేకు అంచు వరకు రెండు వైపులా టేపుతో కొలిస్తే ఒకవైపు దిగిన స్ప్రింగు పట్టుబడుతుంది. తుప్పుకు స్ప్రింగు అడుగు చుట్టు విరిగినా ముక్క తన గూట్లోనే ఉండి కనిపించదు, ఒకరోజు ఆ ముక్కే టైరును కోస్తుంది. ఓమ్నీ, బొలెరో లాంటి వాటికి వెనక కమాను కట్టల్లో (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల్లో) పగిలిన ఆకు, అంటే పట్టీ ఉందేమో, యు బోల్టులు తుప్పు పట్టి సన్నబడ్డాయేమో చూడాలి.

షాక్‌లు మార్చితే జతగానే మార్చండి. లోయర్ ఆర్మ్ బుష్ వేశాక ఆ బోల్టును కారు గాల్లో ఉండగా చివరి బిగింపు బిగించకూడదు, చక్రాల మీద బరువు పడ్డాక బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి కొన్నాళ్లకే చిరుగుతుంది, మళ్లీ అదే చప్పుడు, పార్టు నకిలీదని షాపువాడితో గొడవ. చివర్లో వీల్ అలైన్‌మెంట్ మామూలే.

ఇవన్నీ ఇంటి దగ్గర చూసేవాళ్లకు ఒక మాట. జాకీ పెట్టే అంచు పుచ్చి ఉంటే జాకీ రేకులోకి దిగబడిపోతుంది. ఒక్క జాకీని నమ్మి కింద దూరొద్దు. మన వైపు ఇంకో అలవాటు ఉంది, పెరట్లో ఉన్న కడప బండలు నాలుగు పేర్చి దాని మీద కారు నిలబెట్టడం. నాపరాయి చెప్పకుండా ఫటుక్కున పగులుతుంది, ఇటుకా అంతే. కారు కింద పెట్టే ఇనుప స్టాండ్లు లేకపోతే షెడ్డుకు తీసుకెళ్లండి.

కొన్ని కనబడితే మాత్రం నెలాఖరు జీతం వచ్చాక చూద్దామనుకోవద్దు. అడుగున పోయే బ్రేకు పైపు తుప్పు పట్టి తడిగా ఉంటే, బాల్ జాయింట్ ఊగుతుంటే, సీటు బెల్టు బిగించిన చోట రేకు పుచ్చితే బండిని అక్కడే ఆపి, మెకానిక్‌ను పిలిపించండి లేదా టో చేయించండి. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు మడుచుకుపోతుంది, అది గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు జరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా. ఎఫ్‌సీ ఉంది కదా అంటారు. పదిహేనేళ్లు దాటాక ఆర్‌సీ రెన్యువల్‌కు చేయించే ఆ ఫిట్‌నెస్ ఐదేళ్లకు ఒకసారి మాట, మధ్యలో తుప్పు ఆగదు.

మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు మళ్లీ మ్యాట్‌లు ఎత్తండి. ముందు సీట్ల దగ్గర తడిగా ఉంటే ముందు అద్దం కింది సందో, డోర్ రబ్బరో కారుతోంది. వాన లేని రోజు ఏసీ వేశాకే తడి కనిపిస్తే ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయింది, ఊదితే ఆ అడ్డం పోతుంది.