ఊరికి బస్సు కావాలంటే అర్జీలో ఏం రాయాలి, ఎవరికి ఇవ్వాలి

మా ఊరి తరఫున నేను మొదటిసారి రాసిన అర్జీలో పట్టుమని రెండు వాక్యాలు లేవు. ‘మా గ్రామమునకు బస్సు సౌకర్యము కల్పించవలసినదిగా కోరుచున్నాము’ అని రాసి, కింద నూట నలభై మంది చేత సంతకాలు పెట్టించి ఇచ్చి వచ్చాం. మూడు నెలలకు ‘పరిశీలనలో ఉన్నది’ అని జవాబు వచ్చింది. మరుసటి ఏడు అదే అర్జీకి తేదీ మార్చి ఇస్తే, అదే జవాబు తేదీ మారి వచ్చింది. కార్యాలయం తప్పు కొంత ఉంటే ఉండవచ్చు గాని, ఎక్కువ తప్పు మా కాగితానిదే. ఏ వేళకు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతమందికి అన్న మూడు సంగతుల్లో ఒక్కటీ అందులో లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బస్సు ఆగిపోయిన ఊళ్లూ, వచ్చినా అక్కరకు రాని వేళకు వచ్చే ఊళ్లూ ఇంకా ఉన్నాయి కాబట్టి, ఆ తరువాత ఒక్కొక్కటిగా నేర్చుకున్న పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

అడగవలసింది బస్సు కాదు, ట్రిప్పు. డిపోలో ప్రతి బస్సుకూ ఒక షెడ్యూలు ఉంటుంది. తెల్లవారి ఎన్నింటికి బయలుదేరాలి, ఏ ఊళ్ల మీదుగా ఎన్నిసార్లు తిరగాలి, రాత్రి ఎక్కడ ఆగాలి, మొత్తం ఎన్ని కిలోమీటర్లు నడవాలి అన్నది అందులో ముందే రాసి ఉంటుంది. కొత్త బస్సు కావాలంటే కొత్త షెడ్యూలు, దానికి బండి, డ్రైవర్లు, కండక్టర్లు కావాలి. అవి డిపో మేనేజరు చేతిలో ఉండవు. కాని ఇప్పటికే తిరుగుతున్న ఒక సర్వీసును 4 కిలోమీటర్లు పొడిగించడం, ఒక ట్రిప్పును అరగంట ముందుకు జరపడం, రెండు ట్రిప్పుల్లో ఒకదాన్ని పక్క ఊరి మీదుగా మళ్లించడం ఆయన స్థాయిలోనే కదిలే పనులు. అందుచేత మొదట ఆర్టీసీ కాంప్లెక్సుకు వెళ్లి, మీ పరిసరాలకు వచ్చే బస్సుల వేళలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. దాన్ని చూసుకుంటే, ఏ బస్సు ఎక్కడ ఖాళీగా ఆగి వెనక్కి తిరుగుతున్నదో మీకే కనిపిస్తుంది. మా విషయంలో మా ఊరికి 5 కిలోమీటర్ల ఇవతలి కూడలిలో ఒక పల్లెవెలుగు బస్సు రోజూ ఇరవై ఐదు నిమిషాలు ఊరికే నిలబడి ఉండేది. అది అందరం చూస్తున్నదే, అయినా దాన్ని అర్జీలో రాయాలన్న ఊహ రెండేళ్లపాటు ఎవరికీ రాలేదు.

తరువాతి పని లెక్కింపు. దీనిని మాత్రం ఎవరికో అప్పగించి ఊరుకోకూడదు. తెల్లవారి 5.45 నుంచి 9 గంటల వరకు, సాయంత్రం 3.30 నుంచి 7 వరకు మీ ఊరి కూడలిలో కూర్చొని, ఊరి నుంచి బయటికి వెళ్లే ప్రతి మనిషినీ నోటు పుస్తకంలో నాలుగు గళ్లలో రాసుకోవాలి: వేళ, ఎక్కడికి, దేని మీద, ఎందుకు. మొదటి రోజు చింతచెట్టు కింద నేను పుస్తకం తెరిచేసరికే వంకాయల గంప నెత్తిన పెట్టుకొని ఒక ముసలమ్మ వచ్చి, “బస్సెలిపోనాదేటి బావూ?” అని అడిగింది. ఆ వేళకు ఏ బస్సూ లేదు. ఆమె అడిగింది ముందు ఊరి దాకా నడిచి ఎక్కవలసిన బస్సు గురించి. ఆమె పేరు పక్కన ‘రైతుబజారు, 6 గంటలకు చేరాలి, ఆటో’ అని రాసుకున్నాను. ఆ ఒక్క వరుస తరువాత డిపోలో పది నిమిషాల చర్చకు పనికివచ్చింది.

లెక్కింపు కనీసం మూడు మామూలు రోజుల్లో జరగాలి. నేను మొదట వారపు సంత రోజున లెక్కించి, వచ్చిన అంకెను చూసి మురిసిపోయి, డిపోకు పట్టుకెళ్లాను. అక్కడి ఉద్యోగి కాగితం పైన తేదీ చూసి, “ఆ రోజు సంత కదండీ” అని నవ్వి తిరిగి ఇచ్చేశారు. సంత రోజు, పండగల ముందు రోజులు, కళాశాలల సెలవు రోజులు వదిలేయండి. వెళ్లేవారిని లెక్కించి తిరిగి వచ్చేవారిని లెక్కించకపోవడం కూడా తరచుగా జరిగే పొరపాటు. సాయంత్రం ప్రాక్టికల్సు ముగించుకొని డిగ్రీ పిల్లలు కాంప్లెక్సుకు చేరేసరికి చివరి బస్సు వెళ్లిపోతే, పొద్దుటి బస్సు ఉన్నా వాళ్లు ఆటోకే అలవాటు పడతారు.

ఇప్పుడు ఆ లెక్కను డిపో భాషలోకి మార్చాలి. అక్కడ తరచుగా వినబడే మాటలు రెండు: ఈపీకే, ఓఆర్. ఈపీకే అంటే కిలోమీటరుకు వచ్చే రాబడి; ఓఆర్ అంటే బస్సు ఎంత నిండింది అన్న శాతం. ఓఆర్‌ను తలలు లెక్కపెట్టి కట్టరు, తలలను దూరంతో కలిపి కడతారు. 50 సీట్ల బస్సు 24 కిలోమీటర్ల దారిలో నడిస్తే దాని పూర్తి సామర్థ్యం 1,200 సీటు కిలోమీటర్లు. చివరిదాకా వెళ్లేవారు 20 మంది ఉంటే 480, సగం దారిలో, అంటే 12 కిలోమీటర్ల దగ్గర దిగేవారు మరో 20 మంది ఉంటే 240, మొత్తం 720. అంటే 40 మంది ఎక్కినా ఓఆర్ 60 శాతమే. ఈ లెక్క చేతిలో ఉంటే, దిగిపోయిన ఇరవై మంది స్థానంలో ఎక్కగలిగే జనం దారిలోని ఏ ఊళ్లో ఉన్నారో మీరే వెతుక్కుంటారు, మీ కోరికలోకి ఆ ఊరిని కూడా కలుపుకుంటారు. ఒక్క ఊరు అడిగిన ట్రిప్పు కన్నా నాలుగు ఊళ్లు కలిసి అడిగిన ట్రిప్పు నిలబడడానికి కారణం జనబలం మాత్రమే కాదు, ఈ గుణకారం కూడా.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం అమలులోకి వచ్చి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. దీనివల్ల ఊరి బస్సుకు జనం పెరిగారు. అదే సమయంలో పట్నాల మధ్య తిరిగే బస్సుల మీద ఒత్తిడి పెరిగి, ఊళ్ల ట్రిప్పుకు బండి మిగలడం కష్టమైంది. కాబట్టి మహిళా ప్రయాణికుల సంఖ్యను మీ లెక్కలో విడిగా చూపండి. టిక్కెట్టు యంత్రం నుంచి సున్నా టిక్కెట్టు తీసుకోకుండా దిగిపోతే, డిపో లెక్కలో ఆ మనిషి బస్సు ఎక్కనట్టే. డబ్బులు ఇవ్వనక్కర్లేదు కదా అని టిక్కెట్టు కూడా వదిలేసే అమ్మలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి.

రోడ్డు సంగతి ముందే చూసుకోకపోతే మిగిలిన శ్రమ అంతా వృథా అవుతుంది. బస్సు వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు; ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డుకు తారు వేసిన భాగం సాధారణంగా 3.75 మీటర్లు. ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే ఏదో ఒకటి అంచు దిగక తప్పదు. అంచు గట్టిగా ఉందా, కల్వర్టు పిట్టగోడ నిలబడి ఉందా, కరెంటు తీగలూ చెట్టు కొమ్మలూ బస్సు పైకప్పుకు తగులుతాయా, ఊరి చివర బస్సు తిరగడానికి చోటు ఉందా అన్నవి మీరే ముందు నడిచి చూసుకోండి. రోడ్డు పంచాయతీరాజ్‌దైతే ఆ ఇంజనీరింగ్ విభాగం నుంచి, రహదారులు భవనాల శాఖదైతే వారి నుంచి రోడ్డు బస్సుకు తగినదేనని ఒక లేఖ తెచ్చుకొని జతపరిస్తే, డిపో వాళ్లు రూటు సర్వేకు రావడానికి సాకు మిగలదు. కొమ్మలు కొట్టడం వంటి పనులు సర్వేకు ముందు రోజే చేయించండి.

తెల్లవారి మొదటి ట్రిప్పు మీ ఊరి నుంచే బయలుదేరాలంటే నైట్‌హాల్టు అడగవలసి వస్తుంది. అంటే బస్సు రాత్రి మీ ఊళ్లోనే ఉంటుంది, సిబ్బంది అక్కడే పడుకుంటారు. డిపో నుంచి తెల్లవారుజామున ఖాళీగా నడిపే కిలోమీటర్లు దీనివల్ల తగ్గుతాయి కాబట్టి డిపోకూ ఇది లాభమే. కాని పగలంతా గుంతల్లో బండి తోలిన మనిషికి ఫ్యాను, దోమలు రాని కిటికీ, మరుగుదొడ్డి, స్నానానికి నీళ్లు లేని చోట నిద్ర పట్టదు. పంచాయతీ భవనంలో ఒక గదిని శుభ్రం చేసి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అర్జీలోనే రాయండి. నైట్‌హాల్టు రద్దయిన ఊళ్లలో పెద్దలను అడిగితే రోడ్డు గురించీ నష్టాల గురించీ చాలా చెబుతారు. గది సంగతి మాత్రం మనం అడిగితేనే చెబుతారు.

ఇక అర్జీ ఎవరికి ఇవ్వాలన్నది. ఈ ప్రాంతంలో ఇది కనిపించినంత సులభం కాదు. ఉమ్మడి జిల్లాల కాలం నుంచీ ఇక్కడ ఉన్న డిపోలు తొమ్మిది: శ్రీకాకుళం ఒకటి, రెండు, టెక్కలి, పలాస, పాలకొండ, విజయనగరం, శృంగవరపుకోట, సాలూరు, పార్వతీపురం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పాలకొండ, సాలూరు, పార్వతీపురం డిపోలు మూడూ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారాయి. కాని బస్సు తిరిగే దారి జిల్లా గీతను చూసి మలుపు తిరగదు. వంగర వైపు ఊరివారికి కలెక్టరు విజయనగరంలో ఉంటే, దగ్గరి డిపో మన్యం జిల్లాలోని పాలకొండలో ఉంటుంది. జిల్లాలు విడిపోయిన తరువాత కూడా జిల్లా పరిషత్తులు ఉమ్మడిగానే నడిచినందువల్ల వారి జెడ్పీటీసీ సభ్యుడు మాట్లాడింది శ్రీకాకుళం సమావేశంలో. కాబట్టి బస్సు అద్దం మీద, టిక్కెట్టు మీద ఉన్న డిపో పేరు చూసి, ముందుగా ఆ డిపో మేనేజరుకే అర్జీ ఇవ్వండి. ప్రతులు ఆ డిపో ఉన్న జిల్లా ప్రజా రవాణా అధికారికి, మీ సొంత జిల్లా అధికారికి కూడా పంపండి. రెండు జిల్లాల మధ్య తేలని విషయమైతే పైన విజయనగరం జోన్ కార్యాలయం ఉంది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రజా రవాణా శాఖ కింద ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. బస్సులు, డిపోలు మాత్రం సంస్థవే. చిరునామాలో రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడనవసరం లేదు.

రాజకీయం లేకుండా ఈ పని జరుగుతుందని నేను చెప్పను. ఎమ్మెల్యే లేఖ ఉంటే అడుగున ఉన్న ఫైలు ఆ వారంలో పైకి వస్తుంది. ఆ లేఖ వల్ల బస్సు నిండదు. కొబ్బరికాయ కొట్టి, జెండా ఊపి, ఫొటోలు దిగి ప్రారంభించిన సర్వీసు రెండు నెలల్లో ఆగిపోవడం నేను చూశాను. అది వేళ చూసి వేసిన సర్వీసు కాదు, ఆయన పర్యటన తేదీ చూసి వేసినది. అన్నిటికన్నా ముందు దారిలోని పంచాయతీలన్నిటిలోనూ గ్రామసభ తీర్మానాలు చేయించండి. సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తులపై జరగవు గాని ఎవరు ఎవరి మనిషో పిల్లలకు కూడా తెలుసు. అందుకే డిపోకు వెళ్లే బృందంలో ఇరుపక్షాల వారూ ఉండాలి. ఒక్క పక్షమే వెళితే, ప్రభుత్వం మారినప్పుడు ఆ బస్సు కూడా పాత పక్షపు బస్సుగా మిగిలిపోతుంది. ఎంపీటీసీ సభ్యుడు మండల సమావేశంలో ఈ విషయం లేవనెత్తితే, అది మినిట్స్‌లోకి ఎక్కిందో లేదో అడిగి చూసుకోండి.

ఆటోవాళ్లను శత్రువులుగా చూడకండి. చట్టప్రకారం ఆటో కాంట్రాక్టు క్యారేజీ. దారిపొడవునా ఒక్కొక్కరినీ ఎక్కించుకుంటూ దింపుకుంటూ వెళ్లే హక్కు స్టేజి క్యారేజీ అయిన బస్సుకే ఉంది. కాని బస్సు లేని ఇన్నేళ్లూ పురిటి నొప్పులకూ పరీక్షలకూ మనల్ని చేర్చింది ఆ ఆటోలే. ఉచిత ప్రయాణం వచ్చాక వారి రాబడి దెబ్బతిన్నదని గుర్తించే ప్రభుత్వం 2025 అక్టోబరులో ఆటో డ్రైవర్లకు తలా 15,000 రూపాయల సాయం ప్రారంభించింది. మేము బస్సు వేళలను ఆటో స్టాండులో ముందే చెప్పి, బస్సు లేని మధ్యాహ్నపు వేళలు వారివేనన్నాం. బస్సుకు ఐదు నిమిషాల ముందు ఆటో కదలడం పూర్తిగా ఆగలేదు గాని, తగ్గింది.

డిపోలో అర్జీ ఇచ్చి నెల దాటినా కదలిక లేకపోతే, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నమోదు చేయించి నంబరు తీసుకోండి. దాని స్థితిని 1100కు ఫోన్ చేసి అడగవచ్చు. ‘పరిష్కరించబడినది’ అని మూసేస్తే ఊరుకోకుండా మళ్లీ తెరిపించాలి. ఆగిపోయిన సర్వీసు విషయంలో సమాచార హక్కు చట్టం ఇంకా పదునుగా పనిచేస్తుంది. 10 రూపాయల రుసుముతో, దారిద్య్రరేఖకు దిగువ ఉన్నవారైతే రుసుము లేకుండా, మూడు ప్రశ్నలు చాలు: గత 6 నెలల్లో ఈ సర్వీసు ఎన్ని ట్రిప్పులు తిరగవలసి ఉండగా ఎన్ని తిరిగింది, రద్దయిన ప్రతి ట్రిప్పుకూ రాసిన కారణం ఏమిటి, నెలవారీ ఓఆర్ ఎంత. ‘ఎందుకు ఆపారు’ అని అడగకండి. చట్టం రికార్డులో ఉన్నదాన్నే ఇప్పిస్తుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తరువాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవచ్చు. ‘జనం లేక ఆపాం’ అన్న సర్వీసు అసలు నెలలో సగం రోజులు రానేలేదని తేలిన సందర్భాలు ఉంటాయి. రాని బస్సుకు జనం ఎక్కడి నుంచి వస్తారు?

ట్రిప్పు మంజూరైతే చాలామటుకు ప్రయోగాత్మకంగానే వేస్తారు. మొదటి నెలంతా పొద్దుటి ట్రిప్పుకు ఊళ్లో ఒకరు కాపలా ఉండి, వచ్చిన వేళ, ఎక్కినవారి సంఖ్య అదే నాలుగు గళ్ల పుస్తకంలో రాయాలి. విద్యార్థులు మన ఊరి పేరుతోనే పాస్‌లు తీసుకునేలా చూడండి. పక్క కూడలి పేరుతో తీసిన పాస్ ఆ కూడలి లెక్కలోకే పోతుంది. వరుసగా మూడు రోజులు బస్సు రాకపోతే నాలుగో రోజు పొద్దున్నే, తేదీలు వేసిన ఆ పేజీ నకలు పట్టుకొని ఇద్దరు డిపోకు వెళ్లండి.