ఇంటర్ ఫలితాలకు ముందే ఇంట్లో చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ఫలితాల తేదీ ప్రకటించగానే ఇళ్లలో హడావుడి మొదలవుతుంది. హాల్ టికెట్ ఎక్కడ పెట్టామో వెతుకుతారు. ఏ వెబ్‌సైట్ త్వరగా తెరుచుకుంటుందో కనుక్కుంటారు. మేనమామ ముందురోజే ఫోన్ చేసి నంబరు రాసి పెట్టుకుంటాడు. పిల్లాడు ఫెయిలైతే ఆ సాయంత్రం ఇంట్లో ఎవరుండాలి, ఏం మాట్లాడాలి అన్నది మాత్రం ఎవరూ అనుకోరు. ఇరవై రెండేళ్లుగా జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్న నేను ప్రతి ఏడాదీ తల్లిదండ్రులకు చెప్పేది ఇదే: ఫలితాలొచ్చే రోజుకీ, ఆ తర్వాత మూడు రోజులకీ ముందే ఏర్పాటు చేసుకోండి.

మూడు రోజులని ఎందుకంటున్నానంటే, చచ్చిపోవాలన్న ఆలోచన ఉప్పెనలా వచ్చినా, చాలామందిలో ఆ తీవ్రత ఎక్కువసేపు నిలవదు. ఆ సమయంలో పక్కన మనిషి ఉండి, ప్రమాదకరమైనది చేతికి అందకుండా ఉంటే గండం గడిచే అవకాశం ఎక్కువ. 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. అందరికీ పరీక్షలే కారణం కాదు. ఇంటి గొడవలు, అప్పులు, ప్రేమలు, ఎప్పటినుంచో ఉన్న డిప్రెషన్, ఇలా చాలా కలుస్తాయి. మార్కులు ఆఖరి దెబ్బ అయిన సందర్భాలూ ఉన్నాయి.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో జరిగిన తప్పులు గుర్తున్నాయా? ఒక అమ్మాయికి తెలుగులో సున్నా అని చూపించారు. మళ్లీ చూస్తే 99. రీవెరిఫికేషన్ తర్వాత, ఫెయిలన్న వాళ్లలో వెయ్యిమందికి పైగా పాసయ్యారు. ఆలోగా ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తెర మీద కనిపించిన మార్కు తప్పు కూడా కావచ్చని, దాన్ని మళ్లీ దిద్దించుకోవచ్చని ఫలితాలకు ముందే పిల్లలకు చెప్పి ఉంచాలి.

ముందే అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఫలితం వచ్చాక మనం 'పర్లేదులే నాన్నా' అంటే పిల్లలు నమ్మరు. మన మొహంలో పర్లేదన్నది ఉండదు కదా! అదే వారం ముందు, అన్నం తినేటప్పుడు మామూలుగా, 'ఒకవేళ తప్పితే సప్లీ రాద్దాం, ఫీజు డబ్బులు పక్కన పెట్టాను' అంటే ఆ మాట లోపలికి వెళ్తుంది. ఇప్పుడు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు నెల, నెలన్నరలోనే పెడుతున్నారు. పాసైతే ఏడాది పోదు. మీరు తప్పిన పరీక్ష ఏదైనా ఉంటే అదీ చెప్పండి. దాచుకోకండి.

నేను సెకండియర్ లెక్కల్లో తప్పాను. అప్పట్లో నంబర్లు పేపర్లో పడేవి, నాది పడలేదు. మార్చిలో పోతే సెప్టెంబరు దాకా ఆగాలి. మా నాన్న ఒక్క మాటా అనలేదు. సైకిల్ ఎక్కించుకుని నిమ్మతోటకి తీసుకెళ్లి చీకటిపడేదాకా పాదులకు నీళ్లు పెట్టించాడు. అది శిక్ష అనుకున్నాను. నన్ను ఒంటరిగా వదలకూడదనే అలా చేశాడని చాన్నాళ్ల తర్వాత అమ్మ చెప్పింది.

ఫలితాల రోజు ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరు సెలవు పెట్టాలి. ఫలితం పిల్లాడు ఒక్కడే గదిలో కూర్చుని చూసుకోకుండా మీ పక్కన కూర్చుని చూడాలి. బంధువుల ఫోన్లు మీరే ఎత్తండి. అమెరికా నుంచి పెదనాన్న చేసినా సరే, 'వాడు తర్వాత మాట్లాడతాడు' అని పెట్టేయండి. పక్కింటి వాళ్లమ్మాయికి ఎన్నొచ్చాయో ఆ పూట మీకు తెలియకపోతే కొంపలేమీ మునగవు. పొలం మందులు, పెద్దవాళ్ల మాత్రలు తాళం వేసి ఉంచండి. వీలైతే ఆ వారం పొలం మందుల డబ్బాలు ఇంట్లోనే లేకుండా చేయండి. పిల్లల మీద అనుమానంతో చేసే పని కాదిది, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయడం లాంటిదే.

ఎంసెట్, నీట్ షార్ట్ టర్మ్ కోచింగ్‌లో ఉండి హాస్టల్లో ఫలితం చూసే పిల్లల గురించి నాకు ఎక్కువ భయం. (ఎంసెట్ పేరు మారినా మా నోటికి పాతదే వస్తుంది.) పక్క మంచం వాడికి 980, వీడికి ఒక సబ్జెక్టు పోయింది. ఫోనేమో వార్డెన్ దగ్గర. ముందురోజే వెళ్లి ఇంటికి తెచ్చుకోండి. రెండు రోజుల క్లాసులు పోతే పోనీండి. వెళ్లలేకపోతే వార్డెన్ పక్కన ఉంటాడని గుర్తుపెట్టుకుని, అవును, కాదు అంటే సరిపోయేలా అడగండి: 'రాత్రి నిద్రపట్టిందా? ఇంటికి వచ్చేస్తావా?'

ఫెయిలైన వాళ్లనే గమనిస్తూ 920 వచ్చి గది తలుపేసుకున్న అమ్మాయిని వదిలేయకండి. తిండి, నిద్ర తగ్గడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, 'నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుతుంది' లాంటి మాటలు, విపరీతంగా బాధపడినవాళ్లు ఉన్నట్టుండి ప్రశాంతంగా మారిపోవడం, వీటిలో ఏది కనిపించినా సూటిగా అడగాలి. 'చచ్చిపోవాలనిపిస్తోందా, తల్లీ?' అని ఆ మాటతోనే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అలా జరగదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరటతో పిల్లలు ఏడ్చి చెప్పుకుంటారు. అవునంటే తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఫ్రీ కాల్, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు. పిల్లలే నేరుగా చేయొచ్చు, మీరూ చేయొచ్చు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. తర్వాత సైకియాట్రిస్ట్ దగ్గరకు తీసుకెళ్లండి.

ప్రయత్నమే జరిగితే 108కి ఫోన్ చేయండి. కేసవుతుందేమో, పరువు పోతుందేమో అని నాటువైద్యం చేయిస్తూ గంటలు పోగొట్టిన కుటుంబాలు నాకు తెలుసు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి వైద్యం అందించాలి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త శిక్షాస్మృతిలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షనే లేదు. ఇంటికొచ్చాక కొన్ని వారాలు మరింత కనిపెట్టుకుని ఉండాలి.

ఈ పేజీ పిల్లలు చదువుతుంటే వాళ్లకో మాట. నీ ఫ్రెండ్ 'ఎవరికీ చెప్పకు' అని ఒట్టు వేయించుకుని చావు మాట చెప్తే, ఆ ఒట్టు గట్టున పెట్టు. వాడితో ఉంటూనే వాళ్ల అమ్మకో, మీ సార్‌కో ఫోన్ చెయ్యి. వాడికి కోపం వస్తే రానీ.

జూన్‌లో కాలేజీ మార్చేటప్పుడు కౌన్సిలర్ ఉన్నారా అని అడగండి. విశాఖలో నీట్‌కు చదువుతున్న అమ్మాయి మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థల్లో కౌన్సిలర్ ఉండాలని, వీలైనంతవరకు మార్కులను బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడదీయకూడదని చెప్పింది.

ఇక నాలుగో రోజు, మనసు కాస్త కుదుటపడ్డాక, సప్లీ సంగతి చూడండి. ఫీజు గడువు తక్కువే ఉంటుంది. రీవెరిఫికేషన్‌కు పెట్టినా సరే, దాని ఫలితం వచ్చేదాకా ఆగకుండా సప్లీ ఫీజు కూడా కట్టేయండి.