ఎండాకాలం, పెళ్ళిళ్ళ కాలం: ముఖానికి ఏ ట్యూబు పడితే ఆ ట్యూబు పూయకండి

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయింది. ఉగాది వచ్చేలోపే మన అనంతపురంలో పదకొండు దాటితే రోడ్డు మీద నిలబడలేం. దాని వెనకే పెళ్ళి ముహూర్తాలు. ఈ రెండూ కలిసొచ్చే మూడు నెలలే నేను పనిచేసే మెడికల్ షాపులో ముఖం క్రీములు బాగా పోయే కాలం.

పోయిన వారం ఒక పెళ్ళికూతురు వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ముఖానికి చున్నీ చుట్టుకుని ఉంది. తీయమంటే తీసింది. రెండు చెంపలూ కందిపోయి, చర్మం కింద సన్నటి ఎర్ర నరాలు అల్లుకుని కనిపిస్తున్నాయి. నుదుటి నిండా ఒకే సైజు పొక్కులు. గడ్డం మీద నూగు వెంట్రుకలు. స్టవ్ దగ్గర నిలబడితే మంట, ఎండలోకి పోతే మంట, ఉత్త నీళ్ళతో కడిగినా మంటేనంట. ఆర్నెల్లుగా రాత్రిపూట ఒక ట్యూబు పూస్తోంది. పార్లర్ అక్క చెప్పిందట. ఇంతకీ వాళ్ళు వచ్చింది ఆ మంటకు మందు అడగడానికి కాదు, అదే ట్యూబు ఇంకొకటి కొనడానికి. "ఆపితే ఇంకా ఎర్రగా అయితాందన్నా, అందుకే పూస్తాంది" అంది వాళ్ళమ్మ.

ఇది రాస్తున్నది అందుకే. నీళ్ళు బాగా తాగండి, పళ్ళు తినండి, టైముకు నిద్రపోండి లాంటివి అందరికీ తెలుసు. వాటి జోలికి పోను.

అసలు తప్పు ఇదీ

డాక్టరు రాయకుండా స్టెరాయిడ్ క్రీము ముఖానికి పూయడం. మిగతా తప్పుల్లో చాలావరకు నాలుగు రోజులు బాధపెట్టి పోతాయి. ఇది మాత్రం ముఖాన్నే మార్చేస్తుంది.

ట్యూబు మీద "స్టెరాయిడ్" అని పెద్దక్షరాల్లో ఉండదు. బ్రాండు పేరు కింద ఉండే చిన్న అక్షరాలు చూడాలి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథసోన్: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది స్టెరాయిడే. చదవడం కష్టమైతే ఇంట్లో చదువుకునే పిల్లలతో ఫోన్‌లో ఫొటో తీయించి పెద్దది చేసి చూడండి. "క్లోట్రిమజోల్", "మైకోనజోల్" అని ఉంటే అవి తామరకు వాడే మందులు, వాటితో ఈ గొడవ లేదు. కానీ చాలా ట్యూబుల్లో ఈ రెండు రకాలూ కలిపేసి ఉంటాయి. అందుకే మొదటి పేరుతో ఆపకుండా చివరిదాకా చదవండి.

మోసం ఎక్కడుందంటే, ఇది మొదట్లో నిజంగానే పనిచేస్తుంది. రక్తనాళాలను కుదిస్తుంది, వాపును అణుస్తుంది, చర్మానికి రంగునిచ్చే కణాల పని మందగింపజేస్తుంది. అందుకే రెండు మూడు రోజుల్లో మొటిమ అణిగిపోతుంది, కొన్నాళ్ళకు రంగు తేలినట్టుంటుంది. పక్కింటావిడ "ఏం పూస్తున్నావే" అని అడుగుతుంది. ఆవిడా కొంటుంది. ఆపైన చర్మం పలచబడడం మొదలవుతుంది. ముంజేతి మీద చర్మం పీల్చుకునేదానికి ఆరు రెట్లు నుదుటి చర్మం పీల్చుకుంటుంది కాబట్టి, కాలికో చేతికో పనికొచ్చిన మందు ముఖం మీద మరీ గట్టిగా పడుతుంది. కళ్ళ చుట్టూ నెలల తరబడి పూస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, శుక్లాలు కూడా రావచ్చు.

పూయడం ఆపగానే అణిచిపెట్టిందంతా ఒక్కసారిగా పైకొస్తుంది. ఎరుపు, మంట, మొటిమలు, దురద అన్నీ కలిసి వస్తాయి. దాంతో జనం "చూశావా, ఈ క్రీము లేకపోతే నా ముఖం ఇంతే" అనుకుని మళ్ళీ పూస్తారు. పాత అప్పు కంతు కట్టడానికి కొత్త అప్పు తెచ్చినట్టే ఇది కూడా. తీరదు.

స్టెరాయిడ్ చెడ్డ మందని నేననడం లేదు. ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు డాక్టర్లు రాస్తారు. ఎక్కడ పూయాలో, ఎన్ని రోజులు పూయాలో, ఎప్పుడు ఆపాలో చెప్పి రాస్తారు. ఆ చీటీతో ఒకరు బాగుపడితే అదే చీటీతో ఇంటిల్లిపాదీ కొనుక్కోవడం దగ్గరే వస్తుంది తంటా. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్ కింద గట్టిగా బిగించింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా పేరు చెప్తే చేతిలో పెట్టే షాపులున్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. చీటీ బదులు ట్యూబు డబ్బా చెవి కత్తిరించి, ఆ అట్టముక్క పిల్లోడి చేతికిచ్చి పంపేవాళ్ళు వారానికి ఎంతమందో లెక్కలేదు. అట్టముక్క చీటీ కాదు.

పేరూ ఊరూ లేని డబ్బా క్రీములు

ఇవి ఇంకా అన్యాయం. "నైట్ క్రీమ్", "ఫార్ములా క్రీమ్" అని గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో వస్తాయి. తయారుచేసిన చోటు ఉండదు, లైసెన్సు నంబరు ఉండదు, లోపల ఏముందో అసలే ఉండదు. 2023లో కేరళలోని మలప్పురంలో కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరిని డాక్టర్లు ఆరా తీస్తే, వాళ్ళు తెల్లబడే క్రీములు వాడుతున్నట్టు తేలింది. ఆ క్రీముల్లో పాదరసం దొరికింది. పాదరసం చర్మం గుండా రక్తంలోకి పోతుంది. కిడ్నీల జల్లెడ దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోతుంది. అలాంటి క్రీము వాడుతున్నవాళ్ళకు మూత్రం నురగగా పోతున్నా, పొద్దున లేచేసరికి కళ్ళ కింద, పాదాలకు వాపు వస్తున్నా ముఖం సంగతి తర్వాత. ముందు క్రీము ఆపి మూత్ర పరీక్ష చేయించండి. డబ్బా పారేయకుండా డాక్టరుకు చూపించండి.

మంగు మచ్చలు

కాన్పు తర్వాత, లేదంటే ఎండలో పనిచేసే ఆడవాళ్ళకు చెంపల మీద వచ్చే గోధుమరంగు మచ్చలివి. వీటికి మన దగ్గర విరివిగా వాడేది మూడు మందులు కలిపిన క్రీము: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. చూశారా, మళ్ళీ స్టెరాయిడే. డాక్టరు దీన్ని కొద్ది వారాలకు రాస్తారు, తర్వాత మారుస్తారు. మనవాళ్ళు ఏళ్ళ తరబడి పూస్తారు. హైడ్రోక్వినోన్‌ను అట్లా లాగితే మచ్చ పోకపోగా నీలినలుపు తిరుగుతుంది, అది పోవడం చాలా కష్టం. ట్రెటినాయిన్ ఉన్నది గర్భిణులు పూయకూడదు.

మంగుకు అసలు మందు ఎండ తగలకుండా చూసుకోవడమే. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా కొనండి. చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా పిండితే ఎంత వస్తుందో అంత ముఖానికీ మెడకూ కావాలి. బఠాణీ గింజంత పూసి పనిచేయలేదనకండి. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్ళీ పూయాలి. చెనిక్కాయ చేనులో, ఉపాధి హామీ పనిలో ఉండేవాళ్ళకు అది కుదిరే పని కాదు, ఆ ఖర్చు కూడా తక్కువేం కాదు. వాళ్ళకు తలగుడ్డ, పూర్తి చేతుల చొక్కా, ముఖం మీదికి దిగే కొంగు చాలు. కొందరికి పొయ్యి వేడికి కూడా మంగు ముదురుతుంది. వంట పొద్దున చల్లపూటే ముగించుకుంటే మంచిది.

తామర, చెమటకాయలు

ధర్మవరంలో మగ్గం గుంతలో గంటల కొద్దీ కూర్చునేవాళ్ళు, లారీ డ్రైవర్లు, పోలీసు ఉద్యోగాలకని గ్రౌండ్‌లో పరిగెత్తే పిల్లలు: ఎండాకాలంలో వీళ్ళందరికీ గజ్జల్లో తామర వస్తుంది. సిగ్గుపడి డాక్టరు దగ్గరికి పోరు. "దురదకు ఏదన్నా ఇయ్యన్నా" అంటారు. కలగలుపు ట్యూబు పూస్తే రెండో రోజుకే దురద పోతుంది. కానీ ఫంగస్ చావదు. దాన్ని ఎదిరించే శక్తిని స్టెరాయిడ్ పడుకోబెడుతుంది కాబట్టి నిమ్మళంగా పాకుతుంది. రూపాయి బిళ్ళంత ఉన్నది నడుం చుట్టూ తిరుగుతుంది. ఇంట్లో వాళ్ళకూ అంటుకుంటుంది. తొడల లోపల చర్మం పలచబడి చారలు పడితే అవి ఎప్పటికీ పోవు. ముఖానికైనా, గజ్జలకైనా తప్పు ఒకటే: చీటీ లేని స్టెరాయిడ్.

తామరకు మందు మచ్చ కనపడకుండా పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు పూయాలి. తువ్వాలు, లోదుస్తులు ఎవరివి వాళ్ళవే. తడి ఆరని డ్రాయరు వేసుకోవద్దు. జీన్స్ ఈ మూడు నెలలు పక్కన పెట్టండి.

చెమటకాయలకు కాలమైన్ లోషన్, వదులు నూలుబట్టలు, రెండుపూటలా స్నానం చాలు. చెమట మీద పౌడరు దట్టంగా కొట్టకండి, మూసుకుపోయిన చెమట రంధ్రాలకు అది ఇంకో మూత.

ఇప్పటికే పూస్తున్నవాళ్ళు

నెలల తరబడి పూస్తున్నవాళ్ళు ఇది చదివి భయపడి ట్యూబు విసిరేసి, మంట తట్టుకోలేక నాలుగో రోజు మళ్ళీ తెచ్చుకుంటారు. అట్ల వద్దు. చర్మం డాక్టరును కలవండి. మెల్లగా తగ్గించాలా, ఒకేసారి ఆపి మంటకు వేరే మందివ్వాలా అనేది ముఖం చూసి ఆయన చెప్తారు. అనంతపురం, కర్నూలు సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. ముఖం కుదుటపడడానికి నెలలు పడుతుంది. మధ్యలో ఒకసారి భయంకరంగా ఎర్రబడుతుంది. అప్పుడు టెన్షన్ పడి పాత ట్యూబు ముట్టుకున్నారా, మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంక మిగిలినవి వరసగా చెప్పేస్తా. కొన్నింటికి కారణాలు చెప్పను, చేయండంతే.

- పెళ్ళికి వారం ముందు కొత్తది ఏదీ ముఖానికి పెట్టొద్దు. ఫేషియల్ కాదు, బ్లీచ్ కాదు, ఎవరో తెచ్చిన కొరియా సీరం కాదు.

- ట్రెటినాయిన్, అడపలీన్ లాంటి మొటిమల మందు పూస్తున్నవాళ్ళు ముఖానికి వ్యాక్సింగ్ చేయించుకోకండి. వెంట్రుకతో పాటు పైచర్మం కూడా లేచొస్తుంది. థ్రెడింగ్‌కు కూర్చునే ముందే ఆ అమ్మాయికి చెప్పండి.

- నిమ్మరసం ముఖానికి రుద్దుకుని ఎండలోకి పోవద్దు. బొబ్బలెక్కుతుంది, నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. నిమ్మకాయ నీళ్ళ బండి దగ్గర పనిచేసేవాళ్ళు చేతులు కడుక్కునే ఎండలోకి రండి.

- మొటిమ మీద టూత్‌పేస్టు వద్దు. సున్నం వద్దు. గిల్లొద్దు.

- మొటిమలకు ఐసోట్రెటినాయిన్ గోలీలు స్నేహితురాలి దగ్గర తీసుకుని మింగొద్దు. ఆ మందు వాడుతూ గర్భం వస్తే బిడ్డకు అవకరాలు వచ్చే ప్రమాదం ఎక్కువ. పెళ్ళి కుదిరినవాళ్ళు ఈ మాట రెండుసార్లు చదవండి.

- పసిబిడ్డ పిర్రల మీద ఒరుపుకు పెద్దవాళ్ళ ట్యూబు పూయొద్దు. డైపర్ కింద మందు ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది.

- ఉప్పు బోరు నీళ్ళతో తలంటుకుంటే నురగ రాదు, వెంట్రుక బిరుసెక్కుతుంది. షాంపూ ఇంకాస్త పోయడం కాదు దానికి విరుగుడు. చివరి రెండు చెంబులు పీఏబీఆర్ (పెన్నా అహోబిలం రిజర్వాయరు) కుళాయి నీళ్ళు పోసుకోండి.

- తడి తలకు ముడి వేసుకోవద్దు.

- జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలితే భయపడి వేలకు వేలు నూనెలకు పోయకండి. చాలామందికి అదే తిరిగొస్తుంది. రాలడం ఆర్నెల్లు దాటితే డాక్టరుకు చూపించండి.

- పేనుకొరుకుడుకు (తలలో అక్కడక్కడ గుండ్రంగా జుట్టు ఊడిపోవడం) ఉల్లిపాయ, వెల్లుల్లి రుద్ది తలను పుండు చేయొద్దు.

- గుండు చేయించుకున్న పిల్లలను ఎండలో తిప్పొద్దు. గంధం పూశాం కదా అంటారు. గంధం టోపీ కాదు.

- పేలకు కిరసనాయిలు వద్దు. పొలం మందు అసలే వద్దు. తల చర్మం గుండా ఒంట్లోకి ఎక్కి ప్రాణం తీస్తుంది. మీ ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే, అది పిల్ల తల దరిదాపులకు రాకూడదు. పర్మెత్రిన్ 1 శాతం లోషన్ దొరుకుతుంది. పది నిమిషాలుంచి కడిగి, వారం పది రోజులకు మళ్ళీ పెట్టాలి.

- గజ్జి వస్తే ఒక్కరు మందు పూసుకుంటే పోదు. ఇంట్లో అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి. గజ్జికి కూడా స్టెరాయిడ్ ట్యూబు పూసేవాళ్ళున్నారు. వద్దు. ముఖానికి వద్దు, గజ్జలకు వద్దు, గజ్జికీ వద్దు.

- తలకు రంగేసే ముందు, ప్రతిసారీ, పోయినసారి ఏం కాకపోయినా సరే, చెవి వెనక చుక్క పెట్టి 48 గంటలు ఆగండి. ఆ పెట్టె మీద అదే రాసుంటుంది, ఎవరూ చదవరు. రంగులో ఉండే పారాఫినైలిన్ డయమిన్ ఎప్పుడు పడకుండా పోతుందో చెప్పలేం.

- జాతరలో, పెళ్ళిలో పెట్టే "నల్ల గోరింటాకు"లో కూడా తరచూ ఉండేది అదే. ఆకు రుబ్బితే ఎరుపే వస్తుంది, నలుపు రాదు. పిల్లలకు పెట్టించొద్దు.

- కనురెప్పలకు, కనుబొమ్మలకు తలరంగు వేయొద్దు.

- రంగేసుకున్నాక తల దురద పెడితే వెంటనే కడిగేయండి, మళ్ళీ ఆ రంగు జోలికి పోకండి. కళ్ళు మూసుకుపోయేంత వాపు వచ్చినా, గొంతు పట్టేసినట్టున్నా, ఊపిరి ఆడకపోయినా మెడికల్ షాపుకు రావద్దు. 108కి ఫోన్ చేయండి.