బైపాస్ సమయంలో ఆక్సిజన్ లెక్క: పంప్ ఫ్లో ఒక్కటే చూస్తే చాలదు

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పెర్ఫ్యూజన్ (గుండె సర్జరీలో హార్ట్-లంగ్ మెషీన్‌ను నడిపే పని) నేర్చుకుంటున్న విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. హార్ట్-లంగ్ మెషీన్ మీద ఉన్న రోగికి శరీర ఉపరితలం చదరపు మీటరుకు నిమిషానికి 2.4 లీటర్ల ఫ్లో (పంప్ పంపే రక్తం) ఇస్తున్నాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. కణాలకు కావలసింది రక్తం మోసుకొచ్చే ఆక్సిజన్.

ముందుగా 100 మిల్లీలీటర్ల ధమని రక్తంలో ఉన్న ఆక్సిజన్‌ను లెక్కకట్టాలి. హిమోగ్లోబిన్‌ను (100 మిల్లీలీటర్లకు గ్రాముల్లో) 1.34తోనూ శాచురేషన్‌తోనూ (హిమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ పట్టుకున్న భాగం; 100 శాతమైతే 1) గుణించి, రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని (mmHgలో) 0.003తో గుణించగా వచ్చిన దాన్ని అందులో కలపాలి. ఆ మొత్తాన్ని ఫ్లో ఇండెక్స్‌తోనూ (చదరపు మీటరుకు నిమిషానికి ఇచ్చే లీటర్లు), 10తోనూ గుణిస్తే చదరపు మీటరుకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ శరీరానికి అందుతోందో తెలుస్తుంది. పెద్దవారిలో, శరీరాన్ని బాగా చల్లబరచని సర్జరీల్లో ఈ అంకె 280కి తగ్గకుండా చూసుకోవాలి. అంతకంటే దిగువన ఎక్కువసేపు ఉంటే కిడ్నీలు దెబ్బతినే ముప్పు పెరుగుతుంది.

ఉదయగిరి వైపు నుంచి మైట్రల్ వాల్వు మార్పిడికి 150 సెంటీమీటర్ల ఎత్తు, 45 కిలోల బరువున్న ఒకావిడ వచ్చారనుకుందాం. ఆమె శరీర ఉపరితలం సుమారు 1.37 చదరపు మీటర్లు కాబట్టి మామూలు లెక్కన 3.3 లీటర్ల ఫ్లో ఇస్తాము. అయితే ముందు 10 గ్రాములున్న హిమోగ్లోబిన్, 1200 మిల్లీలీటర్ల ప్రైమింగ్ ద్రవం (మెషీన్ గొట్టాలను ముందుగా నింపే ద్రవం) కలిసేసరికి 7కి పడిపోతుంది. శాచురేషన్ 100 శాతం, పీడనం 250 ఉన్నా అందే ఆక్సిజన్ 243 దగ్గరే ఆగిపోతుంది. 280 చేరాలంటే ఫ్లోను 3.8 లీటర్లకు పెంచాలి, లేదా హిమోగ్లోబిన్‌ను కాపాడుకోవాలి. రక్తహీనత ఉన్న చిన్న శరీరాలకు చిన్న సర్క్యూట్ ఎంచుకుని, ప్రైమింగ్ ద్రవం తగ్గించడమే నా దృష్టిలో మొదటి మందు. రక్తం ఎక్కించడం ఆ తర్వాతి మాట.

ఫ్లో ఎక్కడ కొలుస్తున్నారన్నది కూడా ముఖ్యమే. ఫిల్టర్ పర్జ్ లైన్ (ఫిల్టర్‌లోని గాలిని బయటికి పంపే సన్న గొట్టం) తెరిచి ఉంటే కొంత రక్తం రోగిని చేరకుండానే వెనక్కి మళ్లుతుంది. సోమశిల డ్యామ్‌లో ఎంత నీరు వదిలారన్నదాని కంటే చివరి ఆయకట్టుకు ఎంత చేరిందన్నదే రైతుకు లెక్క. అలాగే ఫ్లో ప్రోబ్‌ను (ఫ్లో కొలిచే సెన్సర్‌ను) ఆ మళ్లింపులన్నీ దాటిన తర్వాతే బిగించాలి.

శరీరం ఆక్సిజన్ వాడకం తెలియాలంటే సిర రక్తంలోని ఆక్సిజన్‌నూ అదే సూత్రంతో కట్టి, ధమని లెక్కలోంచి తీసివేసి ఫ్లో ఇండెక్స్‌తోనూ, 10తోనూ గుణించాలి. పై ఉదాహరణలో ఫ్లో పెంచాక సిర శాచురేషన్ 75 శాతం ఉంటే, అందినదానిలో సుమారు 29 శాతం ఖర్చవుతున్నట్టు. సాధారణంగా 20 నుంచి 30 శాతం వరకు ఫరవాలేదు. అయితే సిర రక్తం ఒళ్లంతటి సగటు మాత్రమే కాబట్టి అది బాగున్నంత మాత్రాన ఏ అవయవానికీ లోటు లేదనుకోరాదు. మెదడు ఆక్సిమెట్రీ (నుదుటి మీది సెన్సర్‌తో మెదడులో ఆక్సిజన్‌ను చూసే పరీక్ష) మొదటి విలువ కంటే 20 శాతం తగ్గినా, లాక్టేట్ (ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) వరుసగా పెరుగుతున్నా వెంటనే సర్జన్‌కూ, ఎనస్థీషియా డాక్టరుకూ చెప్పాలి. ప్రెషర్ పెంచే మందు ఇచ్చినంత మాత్రాన అందే ఆక్సిజన్ పెరగదు.

ఇన్‌లైన్ మానిటర్ (గొట్టంలోని రక్తాన్ని నిరంతరం కొలిచే పరికరం) అంకెలను ల్యాబ్ బ్లడ్ గ్యాస్ పరీక్ష ఫలితంతో సరిచూసి, సుమారు అరగంటకొకసారి మళ్లీ పోల్చాలి. తిరిగి వెచ్చబరిచే దశలో వాడకం వేగంగా పెరుగుతుంది. సిర శాచురేషన్ పడిపోయాక కాదు, వెచ్చబరచడం మొదలుపెట్టేటప్పుడే ఫ్లో పెంచాలి.