జేబు కాలకుండ సినిమా చూసుడెట్ల: నల్గొండ లెక్క

ఒక పెద్ద హీరో సినిమా రిలీజ్ రోజు నేను, మా ఆమె, ఇద్దరు పోరగాండ్లు నల్గొండల బాల్కనీకి పోయినం. టికెట్లకే పద్నాలుగు వందలు దాటినయి, యాప్ వాడు గుంజుకున్న ఫీజు వేరే, ఇంటర్వెల్ల పాప్‌కార్న్, కూల్‌డ్రింకులు, మా ఊరు నకిరేకల్ దిక్కు కాబట్టి ఆఖరి బస్సు పోయినంక ఆటో మాట్లాడుకున్నది ఇంకో ఆరు వందలు. పొద్దుగాల లేచి లెక్కేస్తే మూడు వేలకు జర తక్కువ. సినిమా ఎట్లున్నదిరా అని మా బావ ఫోన్ చేసి అడిగితే నాకు మొదలు యాదికొచ్చింది ఆటోవాని బేరమే, ఫైట్లు గీట్లు ఏం యాదికి రాలే.

అప్పటి సంది సినిమా చూసుడు మానలే, అది నాతోని కాదు కూడా, చూసే పద్ధతి మార్చిన. గా పద్ధతే రాస్తున్న.

ముందుగాల జీఓ, అంటే టికెట్ రేట్ల మీద సర్కారు ఇచ్చే ఉత్తర్వు, చదువుడు నేర్వాలె. నవ్వకుండ్రి, ఇది ట్రైలర్ చూసినదానికంటే ఎక్కువ పనికొస్తది. మన తెలంగాణల 2021 డిసెంబర్ల జీఓ 120 అని వచ్చింది. దాని ప్రకారం ఏసీ థియేటర్ల టికెట్ 50 నుంచి 150 లోపు, నాన్ ఏసీల 30 నుంచి 70, మల్టీప్లెక్సుల 100 నుంచి 250, రిక్లైనర్ కుర్చీలకు వేరే లెక్క. దీని మీదికెళ్ళి జీఎస్టీ. 150కి 18 శాతం కలిపితే 177, 250కి కలిపితే 295. గీ రెండు నంబర్లు మనసుల పెట్టుకోండ్రి. మామూలు సీటుకు సింగిల్ స్క్రీన్ల 177 కంటే ఎక్కువ కనపడ్డదంటే ఆ సినిమాకు స్పెషల్‌గ పెంచిండ్రన్నట్టే. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, వంద దాటితే 18 అట్లనే ఉన్నది. అంటే ముందు క్లాసుల కూసుంటే టికెట్ తక్కువ, పన్ను కూడా తక్కువ, మెడ కొంచెం గుంజుతది అంతే.

పెంపు జీఓ వచ్చినప్పుడు టీవీలల్ల "రేట్లు పెరిగినయ్" అని ఒక్క ముక్క చెప్పి ఊకుంటరు, మనం చూడాల్సింది తారీఖులు. పుష్ప 2 జీఓ చూడుండ్రి, మెట్లు మెట్లుగ ఉంటది. 2024 డిసెంబర్ 4 రాత్రి తొమ్మిదిన్నర ప్రీమియర్‌కు టికెట్ మీద 800 పెంపు. 5 నుంచి 8 దాక సింగిల్ స్క్రీన్ల 150, మల్టీప్లెక్సుల 200. 9 నుంచి 16 దాక 105, 150. 17 నుంచి 23 దాక 20, 50. ఇగ లెక్క చేయుండ్రి, 150 టికెట్‌కు 150 పెంచి జీఎస్టీ ఏస్తే 354, అదే సీటు, అదే తెర, అదే సినిమా 17వ తారీఖున అయితే 200 కాడ ఆగుతది. నలుగురికి ఆరు వందల ఫరక్. పన్నెండు రోజులు ఓపిక పడితే ఆరు వందలు, మా కాడ ఒకరోజు కూలి కూడా అంత రాదు.

గా ప్రీమియర్ రాత్రే హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ల సంధ్య థియేటర్ కాడ తొక్కిసలాటల ఒకామె చనిపోయింది. ముఖ్యమంత్రి అసెంబ్లీల నిలబడి ఇగ బెనిఫిట్ షోలు లేవు, పెంపులు లేవు అన్నడు. 2025 సంక్రాంతి వచ్చేసరికి ఇంకో పెద్ద సినిమాకు పెంపు ఇచ్చిండ్రు, హైకోర్టు గట్టిగ అడిగితే నాలుగు రోజులల్ల వాపస్ తీసుకున్నరు, అదే ఏడు సెప్టెంబర్ల మళ్ళ జీఓ, మళ్ళ కోర్టు. కాబట్టి "ఇగ పెంచరట" అనే మాట ఎవరు చెప్పినా నమ్మకుండ్రి, బుక్ చేసే ముంగట ఆ సినిమా జీఓ చూసుకోండ్రి.

ఎందుకిట్ల చేస్తరు అంటే, నైజాం ఏరియా, అంటే సినిమోళ్ళ లెక్కల మన తెలంగాణ, హక్కులు రిలీజ్‌కు ముందే అమ్ముడు పోతయి. కొన్నోడు కోట్లు పెట్టి కొంటడు, గా పైసలు మొదటి వారంలనే గుంజుకోవాలె, ఎందుకంటే సోమవారం నాటికి టాక్ బయటపడ్తది, నెల తిరిగేసరికి ఓటీటీల వస్తది. మొదటి నాలుగు రోజుల రేటు మనకోసం పెట్టింది కాదు, అభిమానుల కోసం పెట్టింది, ఆగలేనోళ్ళ కోసం. మనం ఆగుతం.

థియేటరాయన మీద మాత్రం కోపం పెట్టుకోకుండ్రి, నేను పెట్టుకొని తప్పు చేసిన. ఆయనకు చాన సినిమాలకు వచ్చేది అద్దెనే, పెంచిన పైసల్ల వాటా కాదు. 2025 మేల ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేటోళ్ళు, మాకు అద్దె వద్దు, పర్సంటేజీ కావాలె, లేకుంటే జూన్ 1 నుంచి మూసేస్తం అన్నది గందుకే. అంతకు ముందు ఏడు, 2024 మేల, జనం రాక తెలంగాణ సింగిల్ స్క్రీన్లు పది రోజులు నిజంగనే బంద్ పెట్టుకున్నరు.

ఇగ బుకింగ్ సంగతి. పెద్ద సినిమాకు మొదటి సోమవారం సాయంత్రం యాప్ తెరిచి మీ థియేటర్ సీట్ల మ్యాప్ చూడుండ్రి, కొనకుండ్రి, ఊకె చూడుండ్రి. శనివారం నిండిన హాల్ సోమవారం ఫస్ట్ షోకు సగం కూడా లేకుంటే సినిమా సంగతి సమజైనట్టే, రివ్యూలు చదివే పని లేదు. సీట్లు ఖాళీ ఉన్నప్పుడు యాప్ల కొని ఫీజు ఎందుకు కట్టుడు, సీదా కౌంటర్ కాడికి పోండ్రి. మా దిక్కు టౌన్లల్ల వర్కింగ్ డే మ్యాట్నీకి కౌంటర్ల దొరకని టికెట్ ఉండదు. మా బామ్మర్ది జడ్చర్లల ఉంటడు, వానికి పాలమూర్ల 2021ల విజయ్ దేవరకొండ పేరు మీద పెట్టిన మల్టీప్లెక్స్ దగ్గర, కుర్చీలు మెత్తగుంటయి బావా అని పిలుస్తడు, నేను మెత్తదనానికి వంద ఎక్కువ పెట్టుడు అవసరమా అంట, ఇది మా ఇద్దరి మధ్యన ఎప్పటికీ ఒడవని పంచాయితీ.

రెండు భాగాల సినిమాలకు నా రూల్ ఒక్కటే: రెండోదాని తారీఖు పడ్డంకనే మొదటిది చూడాలె. బాహుబలి మొదటిది 2015, రెండోది 2017. పుష్ప 2021, రెండోది 2024. కొన్నిటికైతే మొదటిది వచ్చి పోయినంక రెండోది ఉన్నదో లేదో చెప్పేటోడే లేడు. మా అత్తమ్మను ఒకసారి బలిమికి తీస్కపోయిన, పదేండ్లైంది ఆమె హాల్ల సినిమా చూడక. క్లైమాక్స్‌ల విలన్ మొఖం చూపించి తెర మీద అక్షరాలు పడ్డయి, లైట్లు ఏసిండ్రు, జనం లేస్తున్నరు. ఆమె లేస్తలేదు. "కూసో బిడ్డా, ఇంటర్వెల్ అయినంక ఏస్తరు గదా" అన్నది. అయిపోయింది అత్తమ్మా, మిగతాది ఇంకో సినిమా అని చెప్తే "మరి పైసలు సగమే తీసుకున్నరా?" అని అడిగింది. గా ప్రశ్నకు జవాబు ఇండస్ట్రీల ఎవరి కాడన్నా ఉంటే చెప్పుండ్రి, ఆమెకు చేరేస్త. కథ నిజంగ పెద్దదైతే రెండు చేయుండ్రి ఎవరొద్దన్నరు, గని స్లోమోషన్ నడకలు తీసేస్తే ఒక్కటే సినిమా అయ్యేదాన్ని రెండు టికెట్లు చేసుడు మాత్రం మడిగె బుద్ధి.

ఓటీటీ తారీఖు ఎట్ల పసిగట్టాలె అంటే, సినిమా మొదలైనప్పుడు సిగరెట్ యాడ్ అయినంక పడే పేర్లల్ల డిజిటల్ పార్ట్‌నర్ ఎవరో ఉంటది, పోస్టర్ కింద కూడా ఉంటది. 2022 ఆగస్టుల నిర్మాతలు షూటింగులు బంద్ పెట్టి కూసొని ఎనిమిది వారాల దాక ఓటీటీల ఇయ్యొద్దు అనుకున్నరు, ఆచరణల చాన సినిమాలు నాలుగు వారాలకే వస్తున్నయి. బలగం అయితే 2023 మార్చి 3న హాల్లకు, 24న ఓటీటీకి, సరిగ్గ మూడు వారాలు. గని దాని కథ వేరే, అది ఫోన్లల్ల పడ్డంక కూడా ఊళ్ళల్ల తెరలు కట్టి అందరు కూసొని చూసిండ్రు, ఏడ్చిండ్రు. మా యాస విలన్ పక్కనోనికో కామెడీకో తప్ప పనికిరాదు అనుకునేటోళ్ళు గా రోజులల్ల మా ఊరి బొడ్రాయి కాడికి వచ్చి చూస్తే బాగుండు. సరే, పాయింటుకొస్త: బొమ్మ పెద్దగ, సౌండ్ గట్టిగ ఉంటేనే మజా వచ్చే సినిమా అయితే హాల్ల చూడుండ్రి, ఇండ్లల్ల మాట్లాడుకునే సినిమా అయితే, హీరో పెద్దోడైనా సరే, నెల ఆగుండ్రి.

నిడివి చూడకుండ టికెట్ కొనకుండ్రి. ఇది మా ఊళ్ళోళ్ళకు హైదరాబాదోళ్ళ కంటే ఎక్కువ అవసరం. పుష్ప 2 మూడు గంటల ఇరవై నిమిషాలు. యాడ్లు, ఇంటర్వెల్ కలిపితే నాలుగు గంటల కాడికి వస్తది, ఫస్ట్ షోకు పోయినోడు బస్టాండ్ కాడికొచ్చేసరికి కుక్కలు తప్ప ఎవరుండరు. గందుకే లాంగ్ సినిమా అయితే మ్యాట్నీ. దేవరకొండ, మునుగోడు దిక్కు పోయేటోళ్ళు ముందు బస్టాండ్ల ఆఖరి బస్సు అడిగి, తర్వాత షో బుక్ చేయుండ్రి. సర్టిఫికెట్ కూడా చూడుండ్రి, ఇప్పుడు యూ/ఏల 7+, 13+, 16+ అని మూడు రకాలు రాస్తున్నరు, చిన్నపిల్లలున్నోళ్ళకు నరుకుడు ఎంతున్నదో గా నంబరే చెప్తది.

హాల్ లోపల. బయటి తిండి రానియ్యకపోవుడు వాళ్ళ హక్కే అని 2023 జనవరిల సుప్రీంకోర్టు చెప్పింది, అయితే మంచినీళ్ళు ఉత్తగ పెట్టాలె, పసిపిల్లల తిండి ఆపొద్దు అని కూడా అదే తీర్పుల ఉన్నది. నీళ్ళ బాటిలే కొనాలె అంటే కుళాయి ఎక్కడ అని అడుగుండ్రి, లొల్లి పెట్టకుండ్రి, మెల్లగ అడుగుండ్రి, చూపిస్తరు. చూపియ్యకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది.

బొమ్మ మసకగ ఉన్నా, సౌండ్ సన్నగ ఉన్నా సినిమా అయినంక తిట్టుకుంట పోతే లాభం లేదు. ఒక హాల్ల, పేరొద్దు, ఫైట్ సీన్ల ఎవరు ఎవరిని కొడ్తున్నరో కనపడలే, రాత్రి సీన్ అనుకున్న, తీరా చూస్తే హీరో కూలింగ్ గ్లాస్ పెట్టుకొని ఉన్నడు. ఇంటర్వెల్ల మేనేజర్ కాడికి పోయి అన్నా జర వెలుగు పెంచు అన్న. అంతే ఉంటది తమ్మీ అన్నడు. నా ఎనకనే ఇంకో నలుగురు వచ్చి అదే మాట అనంగనే పైకి ఫోన్ చేసిండు, సెకండ్ హాఫ్ తెల్లగ వచ్చింది. ఒక్కరు పోకుండ్రి, వరుసల ఉన్నోళ్ళను లేపుకొని పోండ్రి.

కోట్ల పోస్టర్ల గురించి రెండు ముక్కలు. పోస్టర్ మీద ఉన్నది గ్రాస్, అంటే అమ్మిన టికెట్ల మొత్తం పైసలు. దాంట్లకెళ్ళి జీఎస్టీ పోవాలె, థియేటర్ అద్దె పోవాలె, మిగిలింది షేర్, హక్కులు కొన్నోని చేతికి వచ్చేది గదే. వంద కోట్ల పోస్టర్ పడ్డ సినిమాకు కూడా కొన్నోడు మునిగి ఉండొచ్చు. రేటు పెంచితేనే కోట్లొస్తయి అన్నది కూడా ఉత్తమాటే, 2024 సంక్రాంతికి హనుమాన్, 2025 సెప్టెంబర్ల మిరాయ్ మామూలు రేట్లతోనే ఆడినయి. అండ్ల హనుమాన్‌కైతే ఒప్పుకున్న థియేటర్లు కూడా నైజాంల కొన్ని ఇయ్యలేదని పంచాయితీ నడిచింది.

ఇప్పటిదాక చెప్పింది అంత పెద్ద సినిమాలకు. చిన్న సినిమాకైతే ఉల్టా, ఆగొద్దు. కొత్తోళ్ళ సినిమా శుక్రవారం వస్తే ఆదివారం దాక చూసి సోమవారం తీసేస్తరు, టాక్ బాగొచ్చిందని మంగళవారం పోతే తెర మీద పాత హీరో రీరిలీజ్ ఉంటది. రేటు ఎట్లాగు పెంచరు, ఇంకేం చూసుడు, శుక్రవారం కాకుంటే శనివారం మ్యాట్నీకి పోండ్రి.

మొన్నొకసారి అట్లనే పోతే కౌంటర్ కాడ తొమ్మిది మందిమే ఉన్నం. గేటు కాడి అన్న, పదిహేను మంది అయితెనే ఏస్తం, లేకుంటే పైసలు వాపస్ తీసుకోండ్రి అన్నడు. ఒక ఇంటర్ పోరడు క్లాస్‌మేట్లకు ఫోన్ కొట్టిండు, నేను క్లాక్ టవర్ కాడ మొబైల్ షాప్ల పనిచేసే మా చిన్నాయన కొడుక్కు కొట్టిన, ఏం సినిమా అన్నా అన్నడు, చెప్తే వినుడు కాదు ఉరికిరా అన్న. పావుగంటల ఇద్దరిద్దరు ముగ్గురు ముగ్గురు వచ్చి పద్నాలుగు మందిమైనం. గేటు కాడి అన్న మమ్ముల లెక్కపెట్టిండు, రోడ్డు దిక్కు చూసిండు, తన కుర్చీ కూడా లోపలికి గుంజి, పదుండ్రి పదిహేనోణ్ణి నేనే అన్నడు.